దేవదానం సార్ మడి

మొన్న రక్తపరీక్ష కోసం నంద్యాలలో ఒక లాబ్‌కు వెళ్లాను. సూది గుచ్చే ముందు నర్సు పిల్ల దూదిని స్పిరిట్‌లో ముంచి నా మోచేతి మడతలో తుడిచింది. ఆ చల్లదనం తగిలి, ఆ వాసన ముక్కుకు చేరిందో లేదో, నా రెండో చెయ్యి దానంతట అదే లేచి, ఆ పిల్ల చేతిలోని దూది తీసుకుని వేళ్ల సందుల నుంచి మోచేతి దాకా తుడవడం మొదలుపెట్టింది. "చెయ్యంతా సూదులు వెయ్యంలేమ్మా" అని ఆ పిల్ల నవ్వింది. నేనూ నవ్వాను. స్పిరిట్ వాసన వస్తే అందరికీ ఆసుపత్రి గుర్తుకొస్తుందంటారు. నాకు మాత్రం నంద్యాల కాలేజీ వెనకవైపు కిటికీ లేని ఒక గది, అందులో కూత వేసే ప్రెషర్ కుక్కర్, దాని పక్కన గడియారం చేత్తో పట్టుకుని నిలబడిన దేవదానం సార్ గుర్తొస్తారు. నా నోటి తీరు తెలిసినవాళ్లు, నేను మనుషులను అంత తేలిగ్గా మెచ్చుకునే రకం కాదంటారు. నిజమే. అందుకే దాచిపెట్టుకున్న మెప్పంతా ఒక్క మనిషికే ఖర్చు పెట్టదలచుకున్నాను.

ఎనభైల మొదట్లో నేను బి.ఎస్సీ. ముగించి, చదివిన కాలేజీలోనే వృక్షశాస్త్ర విభాగంలో లాబ్ అసిస్టెంటుగా చేరాను. మా ఇల్లు ఆళ్లగడ్డలో. మా నాయన అహోబిలం గుడి వంటశాలలో ప్రసాదాలు వండేవాడు. వంతు ఉన్న రోజుల్లో అక్కడే ఉండేవాడు. లేని రోజుల్లో ఇంటికొచ్చి, అడిగినవాళ్లకు ఆకులూ వేళ్లూ చెప్పేవాడు. నల్లమలలో ఏ గుట్ట మీద ఏ మొక్క ఉందో ఆయనకు తన వంటింట్లో డబ్బాల కన్నా బాగా తెలుసు. మా ఇంట్లో మడి పెద్దది. తడిచీర, విడి చెంబు, తాకకూడనివాళ్లు, తాకకూడని వేళలు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి అదే శుభ్రమనుకున్నాను. కాబట్టి శుభ్రం గురించి నాకెవరూ నేర్పనక్కర్లేదన్న గర్వంతోనే ఆ ఉద్యోగంలో చేరాను.

దేవదానం సార్‌ది సంజామల దగ్గర పల్లె. వాళ్లమ్మ కూలికి కలుపు తీసి ఆయన్ను చదివించింది. ఆ మాట ఆయన దాచుకునేవారు కాదు. మొక్కల పేర్లు ముందు తన తల్లి పెరికి గట్టున పడేసిన కలుపులో నేర్చుకున్నాననీ, లాటిన్ పేర్లు ఆ తర్వాత వాటికి తగిలించిన బట్టలనీ పాఠంలో చెప్పేవారు. పొడుగ్గా, నల్లగా, ఎప్పుడూ తెల్ల చొక్కాతో ఉండేవారు. ఆదివారం చర్చిలో ఎంత బుద్ధిగా కూర్చునేవారో సోమవారం మా గోళ్లు అంత బుద్ధిగా పరీక్షించేవారు. నవ్వడం తక్కువ. మెచ్చుకోవడం ఇంకా తక్కువ. పని బాగా చేస్తే "సరే" అనేవారు. చాలా బాగా చేస్తే అదీ అనేవారు కాదు, ఇంకో పని చెప్పేవారు.

ఒక వేసవిలో అధ్యాపకుల శిక్షణకని హైదరాబాదు వెళ్లి, ఆయన అక్కడ గాజుసీసాలో పెరుగుతున్న మొక్కను చూసి వచ్చారు. మొక్క కణుపు దగ్గర గోరంత ముక్క కోసి, చక్కెరా లవణాలూ కలిపి జున్నులా గట్టిపరిచిన మేతలో నిలబెడితే, ఆ ముక్కే చిగుళ్లు వేస్తుంది. ఆ చిగుళ్లను విడదీసి వేరు సీసాల్లో నాటితే ఒకటి పది, పది వంద అవుతాయి. విత్తనం అక్కర్లేదు, చెట్టును చంపక్కర్లేదు. దీన్నే టిష్యూ కల్చర్ అంటారు. ఒకటే చిక్కు. మొక్క తినే మేత బూజుకు ఇంకా ఇష్టం. గాలిలోనో వేలి మీదో ఉన్న ఒక్క కణం సీసాలో పడితే నాలుగు రోజుల్లో లోపలంతా బూజు కమ్మి మొక్క చస్తుంది. సార్ తిరిగి రాగానే ప్రిన్సిపాల్ దగ్గర విరిగిన బెంచీలు పెట్టుకునే గది అడిగి తీసుకున్నారు. ఇప్పుడు వినేవాళ్లు నవ్వుతారు గానీ, మా పరికరాలు ఇవి: ఆసుపత్రిలో పారేసే సెలైన్ సీసాలు, జామ్ సీసాలు, వడ్రంగి చేత చేయించిన గాజుపెట్టె, దానికి చేతులు దూర్చడానికి రెండు రంధ్రాలు, లోపల ఒక స్పిరిట్ దీపం, గోడకు నాలుగు ట్యూబులైట్లు. మేత సీసాలను ఉడకబెట్టి సూక్ష్మజీవులను చంపడానికి సార్ తన ఇంటి ప్రెషర్ కుక్కరే పట్టుకొచ్చారు. ఆయన భార్య శాంతమ్మక్క ప్రాథమిక పాఠశాలలో టీచరు. "మా ఇంట్లో కందిబేడలు ఉడికినా ఉడక్కపోయినా మీ సార్ సీసాలు మాత్రం బాగా ఉడుకుతాండాయి" అని నాతో అనేది. అనేదే గానీ కుక్కర్ తిరిగి అడగలేదు.

మొదటిరోజు నన్ను గదిలోకి రానివ్వలేదు ఆయన. గుమ్మం లోపల నేల మీద ఎర్రరంగుతో ఒక గీత గీసి ఉంది. గీతకు ఇవతల కొళాయి, సబ్బు, స్పిరిట్ గిన్నె. చేతులు కడిగి, స్పిరిట్‌తో తుడిచి, ఆ గీత దాటబోతే "ఏం ముట్టినావు?" అని అడిగారు. ఏమీ ముట్టలేదన్నాను. జడ వెనక్కి వేసుకున్నావన్నారు. మళ్లీ కడిగాను. ఈసారి పైట సర్దుకున్నానన్నారు. మూడోసారికి నాకు రోషం వచ్చి, మా ఇంట్లో మడి ఎంత గట్టిదో, మా అమ్మ బిందె దగ్గరికి ఎవర్నీ ఎలా రానివ్వదో వరసగా చెప్పేశాను. ఎవరితో చెబుతున్నానో కూడా ఆలోచించలేదు. ఆయన ముఖంలో ఏమీ మారలేదు. గాజుపెట్టె తుడుస్తూనే అన్నారు. "మీ మడి ఎవురు ముట్టినారని అడుగుతాదమ్మా. నా మడి ఏం ముట్టినావని అడుగుతాది. ఈడ ఉన్నన్నాళ్లూ నా మడి పట్టు." నా గాజులు తీయమని మాత్రం ఆయన అనలేదు. ముంజేతి మీదికి తోసి, ఉడికించిన గుడ్డతో కట్టుకోమన్నారు. మా అమ్మ ఏమంటుందో నాకన్నా ముందే ఆయన ఆలోచించారు.

ఆయన పట్టుకున్న మొక్క సర్పగంధి. మా నాయన దాన్ని పాతాళగంధి అనేవాడు. మోకాలెత్తు మొక్క, కణుపుకు మూడేసి ఆకులు, ఎర్రటి కాడలతో తెల్లటి పూలు. వేరు పరమచేదు. రక్తపోటుకు మందని దానికి అంత గిరాకీ. వేరు కావాలంటే మొక్కను పెరకాల్సిందే, విత్తనాలు చల్లితే మొలిచేవి బహు తక్కువ. అప్పటికే ఆత్మకూరు వైపు అడవంచున వేరు తవ్వేవాళ్లు గోతాలకు గోతాలు మోసుకెళుతున్నారని చెప్పుకునేవాళ్లు. ఇంకొన్నాళ్లకు మన కొండల్లో ఇది పేరుకు కూడా మిగలదనీ, ఆలోగా దీన్ని సీసాలో బతికించడం నేర్చుకోవాలనీ సార్ పట్టుదల. మొక్క ఎక్కడుందో మా నాయనకు తెలుసని నేనే చెప్పాను. ఒక శనివారం ఆయన నాతో బస్సెక్కి ఆళ్లగడ్డ వచ్చారు.

ఆరోజు సంగతి రాయడానికి ఇప్పటికీ చెయ్యి ఆడదు. మా ఇంటి ముందు వీధిలో శిల్పుల ఉలి చప్పుడు వినిపిస్తోంది. నాయన ఆయన పేరు అడిగాడు. దేవదానం అని వినగానే అరుగు చూపించాడు. అమ్మ మంచినీళ్లు తెచ్చింది, బయట చూరు కింద వేరుగా పెట్టి ఉంచే గ్లాసులో. ఆ గ్లాసు ఎవరి కోసమో మా వీధిలో అందరికీ తెలుసు. సార్‌కు తెలియకుండా ఎలా ఉంటుంది? ఆయన నీళ్లు తాగారు. లేచి తొట్టి దగ్గరికి వెళ్లి, గ్లాసు కడిగి, ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడే చూరు కింద బోర్లించి వచ్చారు. తర్వాత నాయనతో మొక్క గురించి గంటసేపు మాట్లాడారు. ఇద్దరూ రుద్రవరం వైపు గుట్టకు వెళ్లి కొమ్మలు తెచ్చారు. నేను గడప లోపల నిలబడి ఒక్క మాట కూడా అనలేకపోయాను. అప్పుడు నా వయసు ఇరవై రెండు. చిన్నదాన్నని చెప్పుకోవడానికి లేదు.

సీసాల పని మొదలైంది. ఒకసారి గాజుపెట్టె ముందు నాకు తుమ్ము వచ్చింది. అప్పటికి అందులో ఒక పూటంతా కష్టపడి నాటిన సీసాలున్నాయి. వెనకాముందూ చూడకుండా మొత్తం కుక్కర్‌లో పెట్టి ఉడకబెట్టించారు సార్. బతిమాలినా వినలేదు. నాకు ఏడుపొచ్చింది, ఆయన మీద చెప్పలేనంత కోపమొచ్చింది. ఇంకోసారి తలుపు సందు నుంచి చీమ వచ్చిందని సెలవు రోజున సున్నం కలిపి నాతోనే గోడంతా పూయించారు. ఇట్లాంటి మొండితనం ఆయనలో చాలా ఉంది. ఆయన రాసే నోటుపుస్తకం కూడా మొండిదే. ప్రతి సీసాకు ఒక వరుస: నాటిన రోజు, ఎవరు నాటారో వాళ్ల పేరులో మొదటి అక్షరం, చస్తే ఎందుకు చచ్చిందో. ఆ చివరి గడికి పైన 'కారణం' అని ఉండేది. 'తెలియదు' అని రాయడానికి వీల్లేదు. తెలిసేదాకా గడి ఖాళీగా ఉండాలి. ఎనిమిది నెలలు తిరిగేసరికి అరల నిండా సర్పగంధి చిగుళ్లు. అంత పెద్ద మనిషి ఆ సీసాల ముందు పొద్దున్నే నిలబడి, ఒక్కొక్కటీ వెలుతురుకెత్తి చూసుకునేవారు.

అప్పుడు నేను చేసిన పని చెబుతాను. దసరా సెలవులు. సార్ తల్లికి ఒంట్లో బాగా లేదని కబురొచ్చింది. లైట్లు వేళకు వేసి ఆర్పమని నాకు తాళంచెవి ఇచ్చి ఆయన ఊరికి వెళ్లారు. మహానవమి నాడు ఊళ్లో రిక్షాలకూ కుట్టుమిషన్లకూ బస్సులకూ పూజలవుతున్నాయి. మా గది ఒక్కటే బోసిగా ఉంది. పాపం, సార్ ఎట్లాగూ చెయ్యరు, ఇన్ని పనిముట్లకు పూజ లేకుండా పోతోందని నాకు మనసు పీకింది. నిజంగా ప్రేమతోనే చేశాను. తలంటుకుని, తడిచీరతో, మా అమ్మ మెచ్చే మడితో వెళ్లాను. గాజుపెట్టెకూ కుక్కర్‌కూ పసుపు రాసి బొట్లు పెట్టాను. బంతిపూలు కట్టాను. సాంబ్రాణి వేసి, పొగ అన్ని అరలకూ అందాలని తలుపు బార్లా తీసి ఫ్యాను పెట్టాను. కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్లు సీసాల మీద చిలకరించాను. ఒక్కొక్క సీసాకూ కుంకుమ బొట్టు పెట్టుకుంటూ వచ్చి, అడుగు అరలో మూల, కొబ్బరినీళ్లు అందని నాలుగు సీసాలకు కుంకుమ కూడా చాలక వదిలేశాను. సీసాలన్నిటికీ దూదిబిరడాలు ఉన్నాయి కదా, లోపలిదాన్ని నేను ముట్టలేదు కదా అనుకున్నాను. దూది తడిస్తే బూజు దాంట్లోంచి లోపలికి పాకుతుందన్నది నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న సంగతే. చదువు చదువే, బుద్ధి బుద్ధే.

సార్ వచ్చేనాటికి అరల్లో తెలుపూ నలుపూ పచ్చా అన్ని రంగుల బూజూ ఉంది. ప్రతి బూజుసీసా మీదా నా కుంకుమ బొట్టు మెరుస్తోంది. ఆయన గీత దగ్గర ఆగి చేతులు కడుక్కున్నారు. ఆరోజు కూడా కడుక్కున్నారు. లోపలికి వచ్చి, ఒక సీసా ఎత్తి, తిప్పి చూసి, ఎప్పుడూ అడిగే ప్రశ్నే అడిగారు. ఏం ముట్టినావమ్మా అని. అన్నీ చెప్పాను. పూజ అన్న మాట నోట్లోంచి వచ్చేటప్పుడు నాకు భయమేసింది, ఈయన ఇప్పుడు దేవుణ్ణి ఏమంటారోనని. ఆయన స్టూలు మీద కూర్చున్నారు. "దూది తడిసిందా?" అన్నారు. తడిసిందన్నాను. "సరే" అన్నారు. అంతకంటే తిట్టినా బాగుండేది. తర్వాత వంగి అడుగు అర చూశారు. మూలన బొట్టు లేని నాలుగు సీసాలు పచ్చగా ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటిగా పైకి తీసి బల్ల మీద పెట్టి, నా వైపు చూడకుండా అన్నారు. "ఈ నాలుగూ మా చర్చికి వచ్చేటివైనట్టుండాయి." నేను ఏడుస్తూనే నవ్వాను. ఆయన నవ్వలేదు గానీ, నన్ను ఆ గదిలోంచి పంపించే ఉద్దేశం లేదని నాకు అర్థమైంది.

మళ్లీ కొమ్మలు తెచ్చుకుంటే సరిపోతుందని మా ఇద్దరికీ ధైర్యం. ఆ వారమే నాయనను తీసుకుని రుద్రవరం గుట్టకు వెళ్లాం. అక్కడ మొక్కల్లేవు. గుంటలున్నాయి. గుట్ట పొడవునా గడ్డపారతో తవ్విన గుంటలు, పక్కన వాడిపోయిన మూడేసి ఆకులు. వేరు తవ్వేవాళ్లు మాకంటే ముందొచ్చారు. నాయన గుంట తర్వాత గుంట చూసుకుంటూ పైదాకా వెళ్లి ఖాళీ చేతులతో దిగి వచ్చాడు. తన తాత చూపించిన చోటు ఇది, విత్తనానికి కూడా మిగల్చలేదని అన్నాడు.  బస్సులో సార్ నాతో, ఇకనుంచి ఆ నాలుగు సీసాలే ఆ గుట్ట అని అన్నారు. ఆ గుట్టను నేనెట్లా పోగొట్టబోయానో ఆయన గుర్తుచెయ్యలేదు. గుర్తుచెయ్యాల్సిన అవసరమూ లేదు. ఆళ్లగడ్డ వచ్చేదాకా నేను కిటికీలోంచి బయటికే చూశాను.

ఆ చలికాలమంతా నేను ఆ నాలుగు సీసాలతోనే బతికాను. ఒక్కో చిగురు కోసినప్పుడు ఊపిరి బిగబట్టేదాన్ని. నాలుగు పదకొండయ్యాయి, పదకొండు నలభై దాటాయి. వేళ్లు వేశాయి. కుండీల్లో మట్టికి మార్చాం. రెండు రోజుల్లో పన్నెండు మొక్కలు మాడిపోయాయి. సీసాలో తేమలో పెరిగిన మొక్కకు నంద్యాల మాఘమాసపు ఎండ కూడా ఎక్కువే. నీడలో పెట్టాం, ఇంకో ఎనిమిది చచ్చాయి. సార్ దగ్గరున్న పుస్తకంలో పొగమంచు గది కట్టమని ఉంది. మాకు కుక్కరే సొంతం కాదు. అన్నం సహించక ఇంటికి వెళ్తే, ఏం జరిగిందని అమ్మ అడిగింది. చెప్పాను. అమ్మ బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండానే అంది. "బాలింతను తీసుకొచ్చి మిట్టమధ్యాన్నం ఎండలో నిలబెడతారా ఎవురన్నా? గాలి తగలకుండ మూసిపెట్టి, దినానికి ఇంతింత అలవాటు చెయ్యాల. మీ సార్‌కు అది ఎవురూ చెప్పలేదా?"

నంద్యాల తిరిగి వచ్చి సార్‌కు అదే మాట చెప్పాను. ఆయన నేరుగా కుమ్మరి దగ్గరికి వెళ్లి చిన్న ముంతలు తెచ్చారు. వాటిని తడిపి, ఒక్కో మొక్క మీద ఒక్కోటి బోర్లించాం. మొదటి వారం పూర్తిగా మూత. తర్వాత అంచు కింద ఒక గులకరాయి, రెండు రోజులకు రెండో రాయి, అట్లా ముంత రోజురోజుకూ కాస్త లేచి, మొక్కకు కాస్త గాలి. నెల తిరిగేసరికి ముంతలు తీసేశాం. పంతొమ్మిది మొక్కలు తలెత్తుకుని నిలబడ్డాయి. ఆరోజు సార్ నోటుపుస్తకంలో ఏం రాస్తున్నారోనని భుజం మీదుగా చూశాను. 'వకుళ వాళ్ల అమ్మగారి పద్ధతి' అని నా పేరుతో సహా రాసి కింద గీత గీశారు. ఆ మాట నేను ఇంట్లో చెప్పాను.  ఆ తర్వాత ఎప్పుడో చూస్తే చూరు కింద గ్లాసు లేదు. వంటింట్లో మిగతా గ్లాసుల మధ్య ఉంది. 

తొలకరికి ముందు మొక్కలు తీసుకెళ్లి గుట్ట మీద నాటడానికి నాయన నంద్యాల వచ్చాడు. ఆయన మా గది చూడడం అదే మొదలు. చెప్పులు బయట విడిచి, లోపలికి రెండడుగులు వేసి, నేల మీది ఎర్రగీత చూసి ఆగిపోయాడు. గీతలంటే ఏమిటో ఆయనకు ఒకరు చెప్పాలా? జీవితమంతా గుడిలో, వంటశాలలో, ఇంట్లో గీతలకు లోపలి వైపు నుంచే మాట్లాడిన మనిషి. గీతకు అవతల సీసాల మధ్య దేవదానం సార్ నిలబడి ఉన్నారు. నాయన కండువా తీసి చేతిలో పట్టుకుని, "నేను ఈడ దాటొచ్చునా సారూ?" అని అడిగాడు.

"చేతులు కడుక్కుంటే ఎవురైనా దాటొచ్చు స్వామీ" అన్నారు సార్.

అని ఊరుకోలేదు. కొళాయి నీళ్లు చెంబుతో పట్టి, తనే నాయన చేతుల మీద పోశారు. నాయన మోచేతుల దాకా సబ్బు రుద్దుకున్నాడు. నేను దూది స్పిరిట్‌లో ముంచి ఇచ్చాను.  నాయన గీత దాటి లోపలికి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, సీసాలన్నీ ఒక్కొక్కటే చూశాడు. గుడిలో వంట చేసేటప్పుడు కూడా ఆయన అంత జాగ్రత్తగా నడవడం నేను చూడలేదు. చివరి అర దగ్గర ఆగి, సార్ వైపు తిరక్కుండా అన్నాడు. "ఆ పొద్దు మా ఇంట్లో నీకు గ్లాసు బయట పెట్టినామప్పా."

సార్ ఒక సీసాను వెలుతురుకెత్తి చూశారు. "నీళ్లు బలే చల్లగుండె స్వామీ. నాకు అదే గుర్తుండాది" అన్నారు.

ఆయనకు గ్లాసు గుర్తు లేకపోవడం అబద్ధం. నాకు తెలుసు, నాయనకూ తెలుసు. అంత మర్యాదైన అబద్ధం నేను మళ్లీ వినలేదు. ముగ్గురం కలిసి పంతొమ్మిది మొక్కలను గంపల్లో పెట్టుకుని రుద్రవరం బస్సెక్కాం. తవ్విపోసిన గుంటల్లోనే వాటిని నాటాం. కొన్ని పోయాయి, కొన్ని నిలిచాయి. తర్వాతి ఏళ్లలో ఇంకా నాటాం. ఆ తర్వాత నేను ఎమ్మెస్సీ చదివి, పాఠాలు చెప్పే ఉద్యోగంలోకి వెళ్లాను. అక్కడ ఉన్నన్నాళ్లూ మాత్రం ప్రతి దసరాకూ మా గది గుమ్మం బయట, వరండాలో, ఒక ఖాళీ సీసాకు పూజ జరిగేది. ఆ సీసాను ఏటా కడిగి, బల్ల వేసి, నాకోసం బయట పెట్టేది దేవదానం సారే. కొబ్బరి ముక్క పెడితే తీసుకునేవారు.

సార్ పోయి చాలా ఏళ్లయింది. కిందటేడు శాంతమ్మక్క నన్ను పిలిచి ఆ నోటుపుస్తకం నా చేతిలో పెట్టింది. కుక్కర్ మాత్రం ఇవ్వనంది, ఇన్నాళ్లకు బేడలు ఉడుకుతున్నాయట. ఇంటికొచ్చి పేజీలు తిప్పుతూ ఆ దసరా దగ్గర ఆగాను. చచ్చిన సీసాల వరుసలు రెండు పేజీలున్నాయి. కారణం గడిలో ఆయన ఏం రాసి ఉంటారో నేను ఇన్నేళ్లూ చూడలేదు, చూసే ధైర్యం లేక. పూజ అన్న మాట ఎక్కడా లేదు. నా పేరు లేదు. అన్ని గడులకూ కలిపి ఒక్క వాక్యం రాసి ఉంది: 'తాళంచెవి ఇచ్చినప్పుడు చెప్పవలసింది చెప్పలేదు.' దాని చివర 'దే' అని ఆయన అక్షరం.

నా దగ్గర చదువుకున్న పిల్లలు నేను గోళ్లు చూస్తానని నవ్వుకుంటారు. పిల్లలు తప్పు చేసినప్పుడు ఎవరు చేశారని అడగబోయి, ఏం జరిగిందని అడుగుతాను. అది నాది కాదు, ఆయనది. మొన్న రక్తపరీక్ష నుంచి ఇంటికొచ్చాక కూడా చేతులకు స్పిరిట్ వాసన పోలేదు. ఆ వాసనతోనే నోటుపుస్తకం తీసి, ఆ పేజీ తెరిచాను. పెన్సిల్ చెక్కుకుని, ఆయన అక్షరం పక్కన, నలభై ఏళ్లు ఆలస్యంగా, 'వ' అని రాశాను.